ఊరి పంటతో బడి భోజనం నడపొచ్చా? 120 మంది పిల్లలకు తూకాలు, కొనుగోలు, వంటగది లెక్క

ప్రశ్న క్లుప్తంగా: పలమనేరు దగ్గర ఒక పల్లె నుంచి తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు అడిగారు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా 120 మంది పిల్లలు. చుట్టూ టమోటా, గుమ్మడి, రాగి, చెనిక్కాయ (వేరుశనగ) పండుతుంటే బడికి కూరగాయలు మాత్రం టౌను అంగడి నుంచి వస్తున్నాయి. ఊళ్ళో పండినవాటితోనే, గుడ్డు కూడా లేకుండా పూర్తి శాకాహారంగా మధ్యాహ్న భోజనం పెట్టొచ్చా? ఎంతెంత కావాలి? ఎక్కడ చెడుతుంది?

నడపొచ్చు. కూరగాయలు, ఆకుకూరలు, చెనిక్కాయలు, రాగులు, ఉలవలు, అలసందలు, చింతపండు మీ మండలం దాటకుండా దొరుకుతాయి. గుడ్డు మాత్రం తీయొద్దు. గుడ్డు పక్కన కంచంలో మిగతాదంతా ఊరి పంట చేయండి. అది మీ చేతిలో పని, ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు. ఇలాంటి ప్రయత్నాలు ఆగిపోయేది మెనూ దగ్గర కాదు. మూడు చోట్ల ఆగిపోతాయి: వారానికి ఎన్ని కిలోలు కావాలో ముందుగా రైతుకు చెప్పకపోవడం, రైతుకు డబ్బు నెలల తరబడి అందకపోవడం, ఆకు వలిచే పని అంతా వంటమ్మల మీద పడటం. అందుకే కింద రాసిందాంట్లో ఎక్కువ భాగం వాటి గురించే.

గుడ్డు ఎందుకు ఉండాలంటే

మధ్యాహ్న భోజన పథకం జాతీయ నిబంధన ప్రకారం 1–5 తరగతుల పిల్లవాడికి ఒక పూటలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. 6–8 తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాములు. చిన్నపిల్లల లెక్క చూడండి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 7 గ్రాములు, 20 గ్రాముల కందిపప్పులో 4 గ్రాముల పైచిలుకు, కూరలో ఒక గ్రాము. పన్నెండు దాటింది. పెద్దపిల్లలకు 150 గ్రాముల బియ్యంతో పదిన్నర, 30 గ్రాముల పప్పుతో ఆరున్నర, కూరతో ఒకటి ఒకటిన్నర. పద్దెనిమిదిన్నర దగ్గర ఆగిపోతుంది. ఆ లోటును గుడ్డు తీరుస్తుంది, ఆరు గ్రాములు ఇస్తుంది. 15 గ్రాముల చెనిక్కాయ పప్పులు కూడా తీరుస్తాయి, మూడున్నర గ్రాములకు పైనే ఇస్తాయి.

అంటే మాంసకృత్తుల వరకు చెట్టూచేమా చాలు. చాలనిది విటమిన్ బి12. అది ఏ కాయలోనూ ఏ ఆకులోనూ లేదు. ఇంట్లో పాలు, పెరుగు రోజూ అందే పిల్లలకు ఇబ్బంది తక్కువ. కూలి ఇళ్ళలో పాలు టీకే సరిపోతాయి, ఆ పిల్లలకు బడి గుడ్డే పెద్ద ఆధారం. పైగా గుడ్లు మీరు కొనేవి కావు, ప్రభుత్వ సరఫరాలో వస్తాయి. వద్దన్నా ఆ డబ్బు కూరగాయలకు రాదు. గుడ్డు తినని ఇళ్ళ పిల్లలకు ఆ రోజున రెండింతల చెనిక్కాయలో, ఒక గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళో పెట్టే ఏర్పాటు చేయండి. వాళ్ళ ఇంట్లో పెరుగు, మజ్జిగ సంగతి కూడా ఒక మాట అడగండి.

అన్నం, పప్పు ఒకే పూటలో ఉండాలన్నది ఎందుకో కూడా చెప్పాలి. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే ముక్కలతో కట్టినవి. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పుల్లో ఎక్కువ. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే ఇంకో ముక్క బియ్యంలో ఉంది. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. పప్పు పలచనైపోయి పసుపునీళ్ళలా వడ్డించిన రోజున ఈ లెక్కంతా పోయినట్టే.

120 మందికి రోజు తూకం

మీ బడిలో 70 మంది 1–5 తరగతులు, 50 మంది 6–8 తరగతులు అనుకుంటున్నాను. హాజరును బట్టి మార్చుకోండి.

బియ్యం: 7 కిలోలు, 7.5 కిలోలు కలిపి 14.5 కిలోలు.
పప్పు: 1.4, 1.5 కలిపి 2.9 కిలోలు.
కూరగాయలు (మనిషికి 50, 75 గ్రాములు): 7.25 కిలోలు.
నూనె (5, 7.5 గ్రాములు): 725 గ్రాములు.

కూరగాయల తూకం కోసి శుభ్రం చేశాక వేయండి. సంతలో తూచిన 7 కిలోల్లో ముచ్చికలు, తొక్కలు, గింజలు, ముదురు కాడలు పోగా ఐదే మిగులుతాయి. గుమ్మడి, సొర, బీర అయితే 9 కిలోలు కొంటే 7 దాటుతుంది. ఆకుకూర కట్టల్లో మూడోవంతు పైనే కాడలకూ వేర్లకూ పోతుంది.

డబ్బు సంగతి. 2025 మే 1 నుంచి కేంద్రం పెట్టిన కనీస సామగ్రి ఖర్చు 1–5 తరగతులకు రోజుకు 6.78 రూపాయలు, 6–8 తరగతులకు 10.17. మీ పిల్లలకు లెక్కేస్తే 474.60, 508.50 కలిపి రోజుకు 983 రూపాయలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరకు అన్నీ ఇందులోనే రావాలి. బియ్యం పౌరసరఫరాల నుంచి వస్తుంది, గుడ్లూ చిక్కీలూ సరఫరాదారులు తెస్తారు. కాబట్టి వంట ఏజెన్సీ (బడిలో వంట నడిపే సంఘం) చేతిలో ఉన్న కొనుగోలు ఈ 983లోదే. రాష్ట్రం ఇచ్చే రేటు ఎంతుందో హెడ్మాస్టరు దగ్గర బిల్లు చూసి ఖాయం చేసుకోండి.

ఏ పంట, ఎప్పుడు

బడి జూన్ 12న తెరుస్తారు, ఏప్రిల్ చివరి వారం దాకా నడుస్తుంది. ఈ పది నెలలను పంటలతో జోడించాలి.

జూన్, జులైలో తోతాపురి కాయ చౌక. మామిడికాయ పప్పుకు టమోటా అక్కర్లేదు, చింతపండు అక్కర్లేదు. 3 కిలోల పప్పుకు తొక్క తీసిన కాయ ముక్కలు కిలోన్నర చాలు. వానలు పడ్డాక తోటకూర, గోంగూర, బెండ, బీర, సొర. నవంబరు నుంచి చిక్కుడు, ముల్లంగి, వంకాయ, అలసందకాయ. సంక్రాంతి ముందు నుంచి అనపకాయ (సొర కాదు, అనపగింజల కాయ). ఫిబ్రవరి, మార్చిలో చింతపండు దిగుబడి, ఆ తర్వాత చింతచిగురు. గుమ్మడి ఏడాదంతా దొరుకుతుంది, కోయని కాయ చల్లటి గదిలో నేల తగలకుండా పెడితే రెండు మూడు నెలలు నిలుస్తుంది. రైతు రాని వారం మిమ్మల్ని ఆదుకునేది గుమ్మడే. వంటగదిలో ఎప్పుడూ 20 కిలోలు ఉంచుకోండి.

టమోటా మీద మెనూ కట్టొద్దు. మన పడమటి మండలాల్లో అది ఒక వారం రోడ్డు మీద పారబోసే ధరకు పడుతుంది, ఇంకో వారం అందదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటింది అందరికీ గుర్తుంది. పులుపుకు చింతపండును ఆధారం చేసుకుని, టమోటాను చౌకగా ఉన్నప్పుడు అదనంగా వాడండి. పుల్లటి వంటకు మనిషికి 5 గ్రాముల చింతపండు, 120 మందికి 600 గ్రాములు. వారానికి మూడు రోజుల చొప్పున ఏడాదికి 65 కిలోల దాకా పడుతుంది. దిగుబడి కాలంలో గింజ తీసినది ఒకేసారి కొని, ఉప్పు కలిపి జాడీల్లో తొక్కి పెట్టుకుంటే ధర బాగా కలిసొస్తుంది. చింతపండు, టమోటా పులుసులు అల్యూమినియం గిన్నెలో వండి అలాగే వదిలేయకండి, పులుపుకు లోహం కరుగుతుంది. స్టీలు పాత్ర వాడండి.

చెనిక్కాయ: మనకు అన్నిటికంటే ఎక్కువ లాభం, అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త

వారానికి రెండు రోజులు మనిషికి 15 గ్రాములు. రోజుకు 1.8 కిలోలు, వారానికి 3.6 కిలోలు. 35 వారాలకు 126 కిలోల పప్పులు. నూరు కిలోల కాయ ఒలిస్తే 65 నుంచి 70 కిలోల పప్పు వస్తుంది కాబట్టి 190 కిలోల కాయ కావాలి. ఊరిబిండి (నూరిన చెనిక్కాయ పచ్చడి), చెనిక్కాయ పొడి, ఉడకబెట్టిన కాయలు, వంకాయ కూరలో నూరిన ముద్ద, ఎలా పెట్టినా పిల్లలు తింటారు.

భయపడాల్సింది బూజు. అఫ్లాటాక్సిన్ అనే విషం ఆ బూజు నుంచే వస్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయిస్తే పూర్తిగా పోదు, నూరి కారం కలిపితే కనబడదు, అంతే. అక్టోబరు, నవంబరు తుఫాను వానల్లో తడిసిన కల్లాల కాయ సగం ధరకు వస్తుంది. ఎంత తక్కువకు ఇచ్చినా బడికి కొనకండి. చేయాల్సినవి ఇవి:

కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల పప్పు గలగలలాడాలి. తేమ 8 శాతం దాటకూడదు. మార్కెట్ యార్డులోనో నూనె మిల్లులోనో తేమ చూసే యంత్రం ఉంటే చూపించుకోండి.

ఒలిచిన పప్పు నిల్వ పెట్టకండి. కాయగానే గోనె సంచుల్లో, చెక్క బల్ల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టి, వారానికి సరిపడా ఒలిపించండి.

ముడుచుకున్నవి, రంగు మారినవి, పచ్చబూజు పట్టినవి, పొట్టు మీద నల్ల మచ్చలున్నవి చేత్తో ఏరి పారేయండి. వాటిని పశువులకు కూడా వేయొద్దు, విషం పాలలోకి వస్తుంది.

చెనిక్కాయ పడని పిల్లలు అరుదు కానీ ఉంటారు. బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి ఇంటినీ అడిగి, పేర్లు వంటగది గోడ మీద రాయండి.

ఖర్చులో ఇది బరువైన సరుకు. చెనిక్కాయ పెట్టే రోజు ఆకుకూర పప్పు, పొడి ఉంటే చాలు, వేరే కూర పెట్టుకోకండి. అయినా లోటు పడితే తిథి భోజనం దారి ఉంది. పుట్టినరోజుకో పెద్దల తిథికో ఊరివాళ్ళు బడి భోజనానికి అదనంగా ఇవ్వొచ్చని పథకంలోనే ఉంది. మిఠాయిల డబ్బాకు బదులు, కాయ పెరికిన నెలలో ఒక బస్తా ఆరిన చెనిక్కాయ ఇవ్వమని అడగండి. మన రైతు ఆ మాట కాదనడు.

రాగులు

100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో కాల్షియం ఉంటుంది, బియ్యంలో పదికి లోపే. ఉదయం జావ ఇప్పటికే మెనూలో ఉంది. జావ ఎందుకు మిగులుతుందంటే ఉండలు కట్టడం వల్ల, అడుగంటిన వాసన వల్ల. 120 మందికి 1.8 కిలోల పిండిని 5 లీటర్ల చల్లటి నీళ్ళలో ముందు పూర్తిగా కలపాలి. 14 లీటర్ల నీళ్ళు తెర్లుతున్నప్పుడు సన్నధారగా పోస్తూ కలియబెట్టాలి. పిండి పోశాక 10–12 నిమిషాలు సన్నసెగ మీద ఉడకాలి, పచ్చివాసన పోయేదాకా. 1.2 కిలోల బెల్లం వేరే గిన్నెలో కరిగించి, బట్టలో వడగట్టి, దింపాక కలపండి. వడగట్టకపోతే అడుగున ఇసుక వస్తుంది, ఒకసారి పంటికింద రాయి తగిలిన పిల్లవాడు మళ్ళీ గ్లాసు పట్టుకోడు. బెల్లం మరీ పసుప్పచ్చగా మెరుస్తుంటే రంగు తేల్చే హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉంటారు. ముదురు రంగు బెల్లమే తీసుకోండి.

మధ్యాహ్నానికి వారానికి ఒకరోజు సంగటి పెట్టాలనుకుంటే 14.5 కిలోల బియ్యానికి బదులు 10 కిలోల బియ్యం, 4.5 కిలోల రాగిపిండి. ఒక్క పాత్రలో అంతా చేయకండి. 5 కిలోల బియ్యం దాటితే తెడ్డు తిరగదు, మధ్యలో పిండి పచ్చిగా మిగులుతుంది, కెలికే ఆడమనిషి నడుం పోతుంది. రెండు పాత్రలు పెట్టండి. 5 కిలోల బియ్యానికి 20–22 లీటర్ల ఎసరు. అన్నం మెత్తబడి ఇంకా గంజి పైన ఉన్నప్పుడు రెండుంబావు కిలోల పిండి కుప్పగా పోసి, తెడ్డు కాడతో నడిమధ్య బొక్క పెట్టి, మంట తగ్గించి పది పన్నెండు నిమిషాలు మగ్గనివ్వాలి. తర్వాతే కెలకాలి. తొందరపడి ముందే కెలికితే ఉండలు. ముద్దలు కట్టి వడ్డించే ఓపిక లేకపోతే గరిటెతో వేయండి, పిల్లలకు తేడా లేదు. పక్కన పప్పూ ఊరిబిండీ ఉంటే చాలు.

ఆ రోజు మిగిలే 4.5 కిలోల బియ్యాన్ని రిజిస్టరులో అలాగే చూపించాలి. రాగులు ఏ డబ్బుతో కొన్నారో వేరే రాయాలి. ముందుగా హెడ్మాస్టరు ద్వారా మండల విద్యాధికారి (ఎం.ఈ.ఓ.) అనుమతి కాగితం మీద తీసుకోండి. బియ్యం మిగులు, రాగుల కొనుగోలు కలగలిపి రాస్తే తనిఖీలో మంచి పనికే మాట పడాల్సి వస్తుంది.

ఏడాదికి సంగటికి 160 కిలోల పిండి. మట్టి, రాళ్ళు, పొట్టు తరుగు పోను రెండు క్వింటాళ్ళ రాగులు కొంటే సరిపోతుంది. గింజగా అయితే పురుగు పట్టకుండా ఏళ్ళు నిలుస్తుంది. పిండి మాత్రం వానాకాలంలో ముక్కవాసన వస్తుంది, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే ఆడించండి.

ఉలవలు, అలసందలు తేలిక. మనిషికి 20 గ్రాముల చొప్పున 2.4 కిలోలు ముందురోజు సాయంత్రం నానేస్తే చాలు. నానకపోతే గంటలు ఉడికినా రాయే. ఉప్పు చివర్లో వేయండి. మొలకలు కట్టినా సరే ఆవిరి మీద ఉడికించే పెట్టండి, పచ్చి మొలకల్లో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వందమందికి ఒకేసారి వాంతులు పట్టుకుంటే ఆ తర్వాత బడిలో ఏదీ చేయనివ్వరు.

పితికిపప్పు మన జిల్లా పిల్లలకు పండగలాంటిది. అయితే రాత్రి నానబెట్టిన అనపగింజలు పితకాలంటే 120 మందికి ముగ్గురు నలుగురికి రెండు గంటల పని. సీజన్లో రెండుసార్లకు మించి పెట్టుకోకండి, పితికే పని పొదుపు సంఘం ఆడవాళ్ళకు కిలోకు ఇంత అని డబ్బిచ్చి చేయించండి. నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో బాగా ఉడికించాలి.

ఆకుకూర ఎందుకు మెనూలో ఉండి కంచంలో ఉండదు

2.9 కిలోల పప్పుకు 4 కిలోల వలిచిన ఆకు ఉంటే అది ఆకుకూర పప్పు. అందుకు 6 కిలోల కట్టలు తేవాలి. ఆ ఆరు కిలోలు ఏరి, వలిచి, మూడు నీళ్ళలో కడగడానికి ఇద్దరికి గంట పడుతుంది. నిబంధన ప్రకారం 25 మంది పిల్లల దాకా ఒక వంటమనిషి, 100 దాకా ఇద్దరు, ఆపై ప్రతి వందకూ మరొకరు. మీకు ముగ్గురు రావాలి. చాలా బడుల్లో కాగితం మీద ముగ్గురున్నా పొయ్యి దగ్గర ఇద్దరే కనిపిస్తారు. ఆ ఇద్దరు ఉదయం జావ కాచి, గుడ్లు ఉడకబెట్టి, 14 కిలోల అన్నం వార్చి, మళ్ళీ ఆకు వలవలేరు. అందుకే రెండు కట్టల ఆకు వేసి పప్పుకు పచ్చరంగు తెప్పించి వదిలేస్తారు. వాళ్ళను తప్పుపట్టే ముందు పని తగ్గించండి.

లేత తోటకూర, బచ్చలి కాడతో సహా తరగొచ్చు, అవి ఎక్కువ వాడండి. గోంగూర, మెంతి పని ఎక్కువ. మునగాకు రెమ్మలను ముందురోజు సాయంత్రం కోసి, తడి లేకుండా గుడ్డలో మూట కట్టి పెడితే ఉదయానికి వాడి, దులిపితే ఆకు రాలిపోతుంది. సగం పని తగ్గుతుంది. మునగాకు నీడన ఆరబెట్టి పొడి చేసుకుంటే 10 కిలోల ఆకుకు రెండు కిలోల లోపు పొడి వస్తుంది. పప్పులో మనిషికి రెండు గ్రాములు, అంటే 240 గ్రాములు చాలు. మించితే చేదు. ఎండలో ఆరబెడితే రంగూ పోతుంది, విటమిన్లూ పోతాయి.

ఆకులోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడు కావాలి. వడ్డించేముందు పప్పులో నిమ్మరసం పిండండి, 120 మందికి 12–15 కాయలు. తిన్న వెంటనే టీ తాగే అలవాటున్న పెద్దపిల్లలకు గంట ఆగమని చెప్పాలి.

బడి తోట ఎంత వరకు పనికొస్తుంది

పూర్తి కూరగాయలకు సరిపోదు. ఆకుకు, కరివేపాకుకు, నిమ్మకు, మునగకు సరిపోతుంది. తోటకూర చదరపు మీటరుకు ఒక కోతలో సుమారు కిలో వస్తుంది. వారానికి 6 కిలోలకు 1.2 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవున్న మడి ఒకటి చాలు. అలాంటివి ఐదు చేసి, వారానికొక మడి చొప్పున విత్తండి. అన్నీ ఒకేరోజు విత్తితే నాలుగో వారం గుట్టగా వచ్చి, తర్వాత నెల ఏమీ ఉండదు. మడికి అర చెంచా విత్తనం, చాటెడు పొడి ఇసుకలో కలిపి చల్లండి. 25–30 రోజులకు కోత. ఇంకా నాలుగు మునగచెట్లు, రెండు కరివేప, రెండు నిమ్మ, చేతులు కడిగే నీళ్ళు పారేచోట అరటి. సబ్బునీళ్ళు ఆకుకూర మళ్ళకు పెట్టొద్దు.

పురుగుకు నీమాస్త్రం చాలు. అరకిలో వేపాకు నలగ్గొట్టి, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల పేడ, 10 లీటర్ల నీళ్ళు కలిపి ఒకరోజు ఉంచి వడగట్టాలి. కోతకు వారం ముందే ఆపేయాలి. జీవామృతం (పేడ, మూత్రం పులియబెట్టిన ఎరువు) నేలకు పోయండి, కోయబోయే ఆకు మీద చల్లకండి. పేడలోని క్రిములు ఆకుతోపాటు వంటింట్లోకి వస్తాయి.

సెలవుల్లో నీళ్ళెవరు పోస్తారన్నది తోట పెట్టకముందే తేల్చుకోండి. దసరా, సంక్రాంతి సెలవులకే చాలా బడి తోటలు ఎండిపోయేది.

రైతుతో ఒప్పందం

120 మందికి వారానికి ఆరు రోజులకు 54 కిలోల కూరగాయలు. ఇంత చిన్న తూకానికి ఒక్క రైతు మీద ఆధారపడితే, ఆయనకు బోరు ఎండినా పెళ్ళి వచ్చినా మీకు కూర లేదు. ముగ్గురు నలుగురిని పెట్టుకోండి. ఒకరు తీగ కాయలు, ఒకరు ఆకు, ఒకరు వంగ, బెండ, చిక్కుడు. వీలైతే ప్రకృతి సేద్యం చేసే ఇళ్ళు. ప్రకృతి సేద్యం నేర్పే ప్రభుత్వ సంస్థ, రైతు సాధికార సంస్థ తరఫున పనిచేసేవాళ్ళు మీ మండలంలో ఎవరెవరు మందుల్లేకుండా పండిస్తున్నారో చెబుతారు. మామూలు రైతు దగ్గర కొన్నా తప్పులేదు. చివరిసారి మందు ఎప్పుడు కొట్టారని అడిగి, గడువు దాటిన మడి నుంచే కోయించండి. కాలీఫ్లవరు, టమోటా, వంగకు మందు ఎక్కువ. గుమ్మడి, సొర, మునగకు తక్కువ. ఎంపికలోనే సగం జాగ్రత్త ఉంది.

ధర రోజూ మార్కెట్ ధర అంటే గొడవ. ఏడాదికి ఒకే ధర అన్నా గొడవే, ధర పెరిగిన వారం రైతు సరుకు మార్కెట్‌కే తోలుతాడు, అది ఆయన తప్పు కాదు. దగ్గరి మార్కెట్లో గడిచిన నాలుగు వారాల సగటు తీసి, దానికి ఒక అడుగు ధర, ఒక పై ధర పెట్టుకోండి. ఉదాహరణకు సొరకాయ కిలో 8కి తగ్గదు, 20కి పెరగదు. చౌక వారంలో రైతుకు గిట్టుతుంది, కరువు వారంలో బడికి గిట్టుతుంది. ఆ ధరలు ఒక నోటుపుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

డబ్బు వారం వారం అందాలి. ప్రభుత్వ బిల్లు ఆలస్యమవుతుంది. టౌను అంగడివాడు అప్పు ఇస్తాడు కాబట్టే ఏజెన్సీ అక్కడ కొంటుంది, అందులో ధర కలిపేసుకుంటాడని తెలిసి కూడా. 54 కిలోల కూరగాయలకు వారానికి వెయ్యి నుంచి పదిహేను వందలు. మూడు నెలల బిల్లు ఆగినా పదిహేను, ఇరవై వేలు చేతిలో తిరిగితే చాలు. పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య ఆ మొత్తాన్ని తిరుగుడు నిధిగా ఇచ్చి, బిల్లు వచ్చినప్పుడు జమ చేసుకుంటే రైతు నిలుస్తాడు. ఇది కుదరకపోతే మిగతా ఏదీ మొదలుపెట్టకండి. బ్రెజిల్‌లో 2009 చట్టం బడి భోజనపు కేంద్ర నిధుల్లో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గరే కొనాలని పెట్టింది. మనకు అలాంటి చట్టం లేదు కాబట్టి ఈ చిన్న నిధి పల్లెలోనే పుట్టాలి.

కేంద్ర వంటశాల నుంచి వ్యానులో భోజనం వచ్చే తిరుపతి టౌను బడులకు ఈ పద్ధతి వర్తించదు. వాళ్ళకు బడి తోట ఆకు, చెనిక్కాయ, పండు లాంటి అదనపు వడ్డన వరకే వీలు.

భద్రత

వడ్డించేముందు ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూసి రిజిస్టరులో రాయాలి. ప్రతి వంటకం ఒక గిన్నెడు మూతపెట్టి మరుసటి రోజు దాకా పక్కన ఉంచండి, ఏదైనా తేడా వస్తే పరీక్షకు పనికొస్తుంది. బియ్యంలో కాస్త పసుపు రంగు గింజలు కనబడితే ప్లాస్టిక్ అని ఏరకండి, అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలు. బియ్యం పదేపదే కడిగి గంజి వార్చితే వాటిలోని పోషకాలు కూడా కొంత పోతాయి. ఊరి కూరగాయ వచ్చిందని తూకం రిజిస్టరు వదిలేయకండి, రైతు పేరు, కిలోలు, ధర, తేదీ నాలుగు గళ్ళు రోజూ నింపండి.

ఎలా మొదలుపెట్టాలి

ఒక్కసారిగా ఆరు రోజులూ మార్చకండి. మొదటి నెల వారానికి రెండు రోజుల కూరగాయలు మాత్రమే ఊరివి. రెండో నెల ఆకుకూర పప్పు, చెనిక్కాయ పొడి. పంట చేతికొచ్చే డిసెంబరులో రాగులు. ఏడాది చివరికి కూరగాయల్లో సగం మీ మండలానివైతే చాలా బాగా నడిచినట్టు. కందిపప్పు, నూనె మాత్రం మొదటి ఏడాది ఎక్కడ దొరికితే అక్కడ కొనండి. ఊరి కందులు పప్పు పట్టించడానికి మిల్లు దూరమైతే రవాణా ఖర్చే మింగేస్తుంది.

ఇంకొక్క పని, దీనికి ఖర్చు లేదు. పిల్లలు పారేసిన అన్నం, కూర బకెట్‌ను రోజూ తూచండి. కొత్త వంట పెట్టిన రోజు 120 మందిలో 4 కిలోలు దాటి మిగిలితే ఆ వంట తీసేయకండి, వండిన తీరు చూడండి. పప్పులో మునగాకు చేదెక్కిందా, సంగటి గట్టిపడిందా, కారం చిన్నపిల్లలకు ఎక్కువైందా. ఒకటో తరగతి పిల్లలను నేరుగా అడగండి, వాళ్ళు సరిగ్గా చెబుతారు. అదే వంటను మార్చి రెండు మూడు వారాలు పెట్టండి. కొత్త రుచి నాలుక్కు అలవాటు కావడానికి ఆమాత్రం పడుతుంది. బకెట్ తూకం ఒకటిన్నర కిలోలకు దిగిందంటే అప్పుడు దాన్ని మెనూలో రాసుకోండి.